గుడ్డలు ఎవరు ఉతుకుతున్నారు?

పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని మనకో సామెత ఉంది. నిజానికి కామెర్లు వచ్చినవాళ్ళకి లోకం మామూలుగానే కనబడుతుంది. పచ్చగా కనబడేది వాళ్ళు, చూసే మనకి. పెద్దవాళ్ళకి కళ్ళు పచ్చబడితే ఇల్లంతా కంగారు పడుతుంది, పక్కింటివాళ్ళు ఆకుమందు అడ్రసు చెప్తారు. అదే పదిరోజుల పసిపిల్లకి పచ్చబడితే ఎవరూ కంగారు పడరు. "అందరికీ వచ్చేదే, పొద్దున ఎండలో పెట్టండి" అంటారు.

ఆ మాటలో చాలావరకు నిజం ఉంది. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి అరవై మందికి మొదటి వారంలో ఒళ్ళు పచ్చబడుతుంది. రక్తంలో పాత ఎర్రకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. దాన్ని శుభ్రం చేసి బయటికి పంపాల్సిన కాలేయం అప్పుడప్పుడే పని నేర్చుకుంటూ ఉంటుంది. రెండు వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది. తల్లిపాలు తాగే పిల్లల్లో కొందరికి ఇంకొన్ని వారాలు ఉండి పోతుంది.

కానీ కామెర్లు రెండు రకాలు. కాలేయం ఇంకా ముట్టుకోని బిలిరుబిన్ రక్తంలో పెరగడం ఒకటి. పైన చెప్పింది ఇదే. కాలేయం తన పని తాను చేసి, పిత్తంలో కలిపి పేగుల్లోకి పంపబోతే దారి మూసుకుపోయి ఉండటం రెండోది. ల్యాబ్ కాగితంలో మొదటిదాన్ని ఇన్‌డైరెక్ట్ అనీ రెండోదాన్ని డైరెక్ట్ అనీ రాస్తారు. రెండోది ఏ వయసులోనూ మామూలు కాదు, ఎంత ఎండ తగిలించినా తగ్గదు. కళ్ళలో చూస్తే మాత్రం రెండూ ఒకే పసుపు. తేడా కనబడేది ఇంకోచోట. మనిషి మలానికి ఆ రంగునిచ్చేది పిత్తమే. పిత్తం పేగుల్లోకి దిగకపోతే పిల్ల దొడ్డికి పోయినప్పుడు పసుపు రంగు ఉండదు. పాలిపోయి, సున్నం కలిపిన మట్టిలాగా ఉంటుంది. బయటికి పోలేని రంగు మూత్రంలోకి దిగుతుంది. నీళ్ళలా ఉండాల్సిన పసిపిల్ల మూత్రం గుడ్డకి పచ్చ మరక చేస్తుంది.

అంటే డాక్టరు చూసే చోట, కంట్లో, జబ్బు తేలదు. గుడ్డలో తేలుతుంది. గుడ్డ చూసేది డాక్టరు కాదు, దాన్ని ఉతికే మనిషి. ఈ చిన్న సంగతి చుట్టూ మా ఇంట్లో మూడేళ్ళుగా బతుకుతున్నాం.

*

2022 వానాకాలంలో మా అక్క మొదటి కాన్పుకి సిద్దిపేట వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. మూడోరోజు పచ్చబడింది. పదోరోజుకీ అట్లాగే ఉంది. ఊళ్ళో ఒక క్లినిక్‌కి తీసుకుపోతే మొత్తం బిలిరుబిన్ చూసి, ఎనిమిది ఉంది, తల్లిపాలతో వచ్చే కామెర్లు, మెల్లగా తగ్గుతుంది అన్నారు. డైరెక్ట్ ఎంత, ఇన్‌డైరెక్ట్ ఎంత అని విడదీసి చూడలేదు. నాన్న రోజూ పొద్దున ఏడింటికి పిల్లని దాబా మీదికి తీసుకుపోయి, తన తువ్వాలతో కళ్ళు కప్పి, ఎండలో కూర్చునేవాడు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల చేశాం. వచ్చిన చుట్టాల్లో ఒక పెద్దమ్మ పిల్లని చేతుల్లోకి తీసుకుని, "బంగారం లెక్క పచ్చగున్నది బిడ్డ, పసుపు వెట్టి పోసిండ్రా నీళ్ళు?" అని ముద్దు పెట్టుకుంది. పిల్ల బాగా పాలు తాగుతోంది, బాగా ఏడుస్తోంది, బాగా నిద్రపోతోంది. ఈ జబ్బులో మోసం అదే. మొదటి రెండు నెలలు పిల్లలు ఆరోగ్యంగానే కనబడతారు. బరువు కూడా కాస్త పెరుగుతారు.

ఆరు వారాల టీకాలకి అమ్మా అక్కా కలిసి పోయారు. నేను బండి మీద వెనకాల పోయాను. అక్కడున్న డాక్టరమ్మ సూది వేయించే ముందు పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసింది. కడుపు మీద చెయ్యి పెట్టి కుడివైపు నొక్కింది. అక్కని ఏమీ అడగలేదు. వెనకాల సంచీ పట్టుకుని నిలబడ్డ అమ్మ వైపు చూసి అడిగింది:

"పిల్ల గుడ్డలు ఎవరు ఉతుకుతున్నరమ్మా?"

"నేనే ఉతుకుత మేడం. బాలింత నీళ్ళల్ల చేతులు వెట్టద్దని..."

"దొడ్డికి పోతే ఏ రంగు ఉంటున్నది?"

అమ్మ కాస్త ఆలోచించి చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రంగేం ఉంటలేదు మేడం. మా పిల్లలై ఉతికినప్పుడు పచ్చ మరక ఎంత నానవెట్టినా పోకపోతుండె. ఈ పిల్లయి ఒక్కసారి గుంజితే తెల్లగైతున్నయ్. కని, ఉచ్చ మరక మాత్రం పోతలేదు."

డాక్టరమ్మ లేచి నిలబడింది. సంచీలో ఉన్న గుడ్డ తీయించి, ట్యూబులైటు కింద కాకుండా కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. చీటీ రాసిస్తూ, "రేపు ఎల్లుండి అనద్దు. ఇయ్యాల్నే చేపియ్యండి" అంది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. మొత్తం తొమ్మిది, అందులో డైరెక్ట్ ఏడుకి దగ్గర.

అమ్మకి ఆ సంగతి మూడోవారం నుంచీ తెలుసు. ఎదురింటి ఆమెతో చెప్పింది కూడా, ఈ పిల్ల గుడ్డలు సులువుగా ఉతుకొస్తున్నాయని. అది ఆమెకి చిన్న సుఖం. రోగలక్షణం అని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. క్లినిక్‌లో కుర్చీ తల్లికి వేస్తారు, మాట తండ్రితో మాట్లాడతారు. అమ్మమ్మ గుమ్మం దగ్గర సంచీతో నిలబడి ఉంటుంది.

*

మర్నాడు తెల్లవారుజామునే హైదరాబాదు పోయాం. అక్కడి పెద్దాసుపత్రిలో వారం పది రోజులు పరీక్షలు. నాలుగు గంటలు పాలివ్వకుండా ఉంచి స్కానింగ్ చేశారు, పిత్తాశయం ఎంత ఉందో, పాలు తాగాక ముడుచుకుంటుందో లేదో చూడటానికి. సూదితో కాలేయం ముక్క తీశారు. దారి మూసుకుపోవడానికి కారణాలు చాలా ఉంటాయట. థైరాయిడ్ లోపం, ఇన్‌ఫెక్షన్లు, పాలలో చక్కెరని అరిగించుకోలేని గెలాక్టోసీమియా, ఇంకా పేర్లు నోరు తిరగని జన్యు జబ్బులు. కొన్నిటికి మందు ఉంది. గెలాక్టోసీమియా అయితే పాలు మాన్పించడమే వైద్యం. ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ వచ్చారు. మిగిలింది బిలియరీ అట్రీషియా. కాలేయం బయట పిత్తనాళాలు మచ్చకట్టి ఎండిపోవడం. ఎందుకు ఎండిపోతాయో ఇప్పటికీ కచ్చితంగా తెలియదు.

ఎందుకు అన్న ప్రశ్న ఆసుపత్రిలో కన్నా ఇంట్లో గట్టిగా వినబడింది. అక్క గ్రహణం నాడు బయటికి వచ్చిందనీ, కడుపుతో ఉండి ఏదో తిన్నదనీ, పాలల్లో ఏదో ఉందనీ ఫోన్లు. బావ వాళ్ళ వైపు నుంచి కొన్ని, మా వైపు నుంచి కొన్ని. అక్క ఒకరాత్రి డాక్టరుని నేరుగా అడిగేసింది. ఆయన ఆమెతోనే కాకుండా, బావనీ అమ్మనీ కూడా లోపలికి పిలిచి ముగ్గురికీ కలిపి చెప్పాడు: ఇది తల్లి తిన్నదానివల్ల రాదు, తాగించిన పాలవల్ల రాదు, మామూలుగా వంశంలో నడిచే జబ్బు కాదు. రాసిచ్చిన మందులన్నిటికంటే ముందు పనిచేసిన మందు అదేనని నా నమ్మకం.

ఈ జబ్బుకి 1950ల దాకా దారే లేదు. జపాన్‌లో సెండాయ్ నగరంలో మొరియో కసాయ్ అనే సర్జన్ 1955లో ఒక పసిపిల్లకి ఆపరేషన్ చేస్తూ, ఎండిపోయిన నాళాలు కోసేసి, పేగుని పైకి తెచ్చి కాలేయం గుమ్మానికి కుట్టాడు. పిత్తం కారింది. 1959లో దాన్ని జపనీస్‌లో ప్రచురించాడు. మిగతా ప్రపంచం నమ్మడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ మొదట చేసేది ఆ ఆపరేషనే, దాన్ని కసాయ్ అనే పిలుస్తారు. దానికో గడువు ఉంది. పిత్తం కాలేయంలో నిలిచిపోయిన ప్రతిరోజూ లోపల గట్టిపడుతూ పోతుంది. అరవై రోజుల్లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. తొంభై దాటితే అవకాశం బాగా తగ్గిపోతుంది. మన దగ్గర చాలామంది పిల్లలు ఆసుపత్రికి చేరేసరికే ఆ గడువు దాటిపోయి ఉంటుంది, ఎండలో కూర్చుని, ఆకుమందు మింగి.

మా పిల్లకి యాభై ఆరో రోజు ఆపరేషన్ అయింది. అంతకుముందు మూడురోజులు కె విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పిత్తం లేకపోతే ఆ విటమిన్ ఒంటబట్టదు, అది లేకపోతే రక్తం గడ్డకట్టదు. కొందరు పిల్లల్లో ఈ జబ్బు మొదట బయటపడేదే మెదడులో రక్తస్రావంతో అని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత వార్డులో అందరం ఎదురుచూసింది ఒక్కదానికే. పక్క మంచం మీద కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, ఆ పక్కన అనంతపురం వాళ్ళు. పొద్దున లేచి ఒకరినొకరు అడిగే కుశలప్రశ్న "రంగు వచ్చిందా?" అయిదోరోజు మధ్యాహ్నం మా పిల్ల గుడ్డ మీద పచ్చటి పసరు రంగు కనబడింది. అమ్మ ఆ గుడ్డని ఉతకలేదు. డాక్టరు సాయంత్రం రౌండుకి వచ్చేదాకా మడిచి దాచిపెట్టింది. బావ అప్పటికే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య, వెంకటేశ్వరస్వామి కింద, పసిపిల్ల దొడ్డి ఫోటో. దానికి పధ్నాలుగు మంది చేతులు జోడించారు.

*

ఆపరేషన్ అయితే అయిపోయిందనుకున్నాం. డిశ్చార్జి రోజు డాక్టరు మా నాన్నకి ఒక మాట చెప్పాడు: "ఇది జబ్బు పోగొట్టడం కాదు పెద్దాయనా, కాలేయానికి టైము సంపాదించడం." మంచి ఆసుపత్రుల్లో కూడా సగం మందికే కామెర్లు పూర్తిగా తగ్గుతాయి. తగ్గినవాళ్ళలోనూ చాలామందికి పెద్దయ్యేలోపు ఎప్పుడో ఒకప్పుడు కాలేయ మార్పిడి కావాల్సి వస్తుంది. ప్రపంచంలో పిల్లలకి చేసే కాలేయ మార్పిళ్ళకి అన్నిటికంటే పెద్ద కారణం ఈ జబ్బే. నాన్న ఏమీ అనలేదు. కానీ ఆదివారం మటన్ తెచ్చేటప్పుడు "కార్జం జెర ఎక్కువెయ్యి" అని అడిగే మనిషి ఆ తర్వాత కార్జం తేవడం మానేశాడు. లివర్ అన్నన్ని రోజులు అది డాక్టర్ల మాట. కార్జం అని తెలిశాక మా ఇంటి మాట అయింది.

ఇంట్లో మొదటి గొడవ నూనె గురించి వచ్చింది. కామెర్లంటే పథ్యం అని మన ఊళ్ళలో అందరికీ తెలుసు. నూనె వద్దు, ఉప్పు వద్దు, చప్పటి అన్నం, మజ్జిగ. పెద్దవాళ్ళకి నీళ్ళవల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి ఆ పుణ్యం పథ్యానికీ ఆకుమందుకీ పోతుంది. కాలేయం జబ్బున్న పసిపిల్లకి ఇదే పథ్యం పెడితే ఎముకల గూడు మిగులుతుంది. వాళ్ళకి మామూలు పిల్లలకంటే ఎక్కువ శక్తి కావాలి. కానీ పిత్తం సరిపడా లేక మామూలు కొవ్వు అరగదు. పిత్తం సాయం అంతగా అక్కర్లేకుండా ఒంటబట్టే కొవ్వు ఒకటుంది, ఎంసీటీ అంటారు. ఆ నూనె సీసా ఖరీదెక్కువ. కొబ్బరినూనెలో ఆ రకం కొంత ఉంటుంది కాబట్టి ఘనాహారం మొదలుపెట్టాక అన్నంలో వెయ్యమన్నారు.

కేరళలో ఈ సలహా ఎవరికీ వింతగా ఉండదేమో. సిద్దిపేటలో అక్కవాళ్ళ అత్తమ్మ నోరు తెరిచింది. "నెత్తికి పెట్టుకునే నూనె అన్నంలనా?" మూడురోజులు ఆమె పిల్లకి తినిపించడానికి దగ్గరికి రాలేదు. నాలుగోరోజు తనే ఒక చెంచా నాకి చూసి, "చెడు లేదు" అని తీర్పు చెప్పింది. ఇప్పుడు ఆ పిల్ల పప్పన్నంలో నూనె వాసన రాకపోతే ముద్ద ముట్టదు.

మందుల్లో ఉర్సో అని ఒక సిరప్ ఉంది. అందులో ఉండే పదార్థాన్ని మొదట కనుక్కున్నది ఎలుగుబంటి పిత్తంలో, పేరు కూడా దానివల్లే వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. మా చిన్నప్పుడు దడుసుకున్న పిల్లలకి ఎలుగుబంటి వెంట్రుకతో తాయెత్తు కట్టేవాళ్ళు. ఈ సంగతి చెప్తే అమ్మ, "సూసినవా, ఎన్కటోళ్ళకు తెల్వదంటవ్" అంది. వెంట్రుకకీ పిత్తానికీ సంబంధం లేదని వాదించే ఓపిక నాకు లేకపోయింది. ఉర్సోతోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లు. ఈ నాలుగూ కొవ్వులో కరిగేవి, పిత్తం సరిగ్గా లేనివాళ్ళకి విడిగా ఇవ్వాలి. ఫ్రిజ్ తలుపు మీద అక్క ఒక కాగితం అంటించింది. ఏది ఎన్ని ఎంఎల్, ఎన్నింటికి, ఎవరిచ్చారు. చివరి గడి ముఖ్యం. ఇద్దరు ఇస్తే రెండుసార్లు పడుతుంది, నలుగురున్న ఇంట్లో ఎవరూ ఇవ్వకపోవడమూ జరుగుతుంది.

అన్నిటికంటే భయం జ్వరం. పేగు నేరుగా కాలేయానికి కుట్టి ఉంటుంది కాబట్టి పేగుల్లోని క్రిములు పైకి ఎక్కవచ్చు. దాన్ని కొలాంజైటిస్ అంటారు. ప్రతిసారీ కాలేయంలో కొంత భాగం పోతుంది. నూటొక్క డిగ్రీలకి మిగతా పిల్లలకి పారాసిటమాల్ వేసి రాత్రంతా చూస్తారు. ఈ పిల్లకి ఆ రాత్రే ఆసుపత్రిలో నరం ద్వారా యాంటీబయాటిక్ పడాలి. మొదటి రెండేళ్ళలో నాలుగుసార్లు అట్లా పరిగెత్తాం. గుమ్మం పక్కన ఒక బ్యాగు ఎప్పుడూ సర్ది ఉంటుంది: ఫైలు, రెండు జతలు, ఆధార్ జిరాక్సులు, ఛార్జర్. 2023 అక్టోబరులో మా ఊరికి రైలొచ్చింది. చెకప్‌లకి రైలు, జ్వరానికి కారు. ఇప్పుడు రాజీవ్ రహదారి మీద ఏ మలుపు దగ్గర రాత్రిపూట మెడికల్ షాపు తెరిచి ఉంటుందో బావకి కంఠతా వచ్చు.

*

ఆసుపత్రి రోజుల్లో చదువుతూ పోతుంటే మన పిల్లల కాలేయాల గురించి ఇంకో పాత కథ దొరికింది. పాత తెలుగు పత్రికలు తిరగేసేవాళ్ళకి మద్రాసు జమ్మి వెంకటరమణయ్య అండ్ సన్స్ వారి లివర్ క్యూర్ ప్రకటనలు తెలిసే ఉంటాయి. అంత ప్రకటన ఎందుకంటే అంత జబ్బు ఉండేది. ఆర్నెల్లు దాటిన పిల్లలకి పొట్ట ఉబ్బి, కాలేయం రాయిలా గట్టిపడి, చాలామంది చనిపోయేవారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఈ దేశంలో డాక్టర్లు దాన్ని గుర్తించారు. పాఠ్యపుస్తకాల్లో దాని పేరే ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు పోతుంటే శాపం అనుకున్నారు, తల్లి జాతకం అనుకున్నారు.

1970ల చివరికి ఆ పిల్లల కాలేయాల్లో రాగి విపరీతంగా ఉందని తేలింది. అంత రాగి ఎక్కణ్ణుంచి వచ్చింది? పుణెలో షీలా భావే, ఆనంద్ పండిట్, వాళ్ళతోపాటు బ్రిటన్ నుంచి వచ్చిన స్టువర్ట్ టానర్ ఆ ఇళ్ళలో పిల్లలకి ఏం పట్టేవారు, ఎట్లా పట్టేవారు అని అడగటం మొదలుపెట్టారు. ఆవుపాలో గేదెపాలో ఇత్తడి గిన్నెలో కాచి, అందులోనే ఉంచి పట్టేవాళ్ళమని తల్లులు చెప్పారు. కళాయి పోయిన ఇత్తడి నుంచి రాగి పాలల్లోకి దిగుతుంది. 1987లో వాళ్ళు ప్రచురించిన పోలికలో, జబ్బు వచ్చిన పిల్లలకీ రాని పిల్లలకీ మధ్య ప్రధానంగా తేలిన తేడా ఆ గిన్నెలే. ఇత్తడి ఒక్కటే కారణమా, పుట్టుకతో వచ్చే బలహీనత కూడా ఉందా అన్న వాదన తర్వాత కూడా నడిచింది. కానీ స్టీలు గిన్నెలు వచ్చాయి, ఇత్తడిలో పాలు కాచవద్దని చెప్పడం మొదలైంది, 1990లు వచ్చేసరికి ఆ జబ్బు దాదాపు కనబడకుండా పోయింది. ఇప్పటి కుర్ర డాక్టర్లు చాలామంది ఒక్క కేసూ చూసి ఉండరు.

పాత ఇత్తడికి స్టీలు సామాన్లు ఇస్తామని వీధిలో అరుచుకుంటూ పోయినవాళ్ళు ఎందరు పిల్లల్ని బతికించారో వాళ్ళకి తెలియదు.

పుణె డాక్టర్లు తల్లుల్ని అడిగారు: పాలు దేంట్లో కాస్తున్నారు? సిద్దిపేట డాక్టరమ్మ మా అమ్మని అడిగింది: గుడ్డలు ఎవరు ఉతుకుతున్నారు? రెండూ వంటింటి, స్నానాలగది ప్రశ్నలు. వాటికి జవాబు ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళ దగ్గరే ఉంటుంది, వాళ్ళకి అది జవాబు అని తెలియదు. స్కానర్లు ఎన్ని ఉన్నా, ఎవరిని స్కాన్ చెయ్యాలో చెప్పేది మొదట ఆ మాటే.

తైవాన్‌లో దీన్ని ఒక కార్డులో పెట్టారు. పసిపిల్లల మలం రంగుల ఫోటోలు వరుసగా, మామూలువి ఒకవైపు, ప్రమాదకరమైనవి ఒకవైపు. 2004 నుంచి దేశంలో పుట్టిన ప్రతి బిడ్డ ఆరోగ్య పుస్తకంలో ఆ కార్డు ఉంటుంది. ఫలానా రంగు కనబడితే ఫోన్ చెయ్యండి అని నంబరు. అది వచ్చాక అరవై రోజుల్లోపు కసాయ్ జరిగిన పిల్లల శాతం స్పష్టంగా పెరిగింది, సొంత కాలేయంతో బతికినవాళ్ళ శాతం కూడా. జపాన్‌లో 2012 నుంచి తల్లీబిడ్డల పుస్తకంలో అది తప్పనిసరి. మా అక్కకి ఇచ్చిన కార్డులో బరువు గీతలున్నాయి, టీకాల గళ్ళున్నాయి, రంగుల వరుస మాత్రం లేదు. మన రాష్ట్రంలో 2017 నుంచి బాలింతలకి సబ్బు, నూనె, దోమతెర పెట్టి ఒక కిట్ ఇచ్చారు. అట్లాంటి సంచీలో ఇంకో అరచేతి కాగితం పట్టదా?

ఇక నగరాల్లో, మన తరం ఇళ్ళలో, గుడ్డలే లేవు. డయపర్ ఉంది. రాత్రి జీరోబల్బు వెలుతురులో మార్చి, చుట్టి, టేపు అంటించి, బుట్టలో పడేస్తాం. మూత్రం రంగుని లోపలి జెల్ మింగేస్తుంది. నానబెట్టడం, ఉతకడం, మరక పోయిందా లేదా అని ఎండలో ఎత్తి చూడటం, ఆ చాకిరీ పోయింది. పోవాల్సిందే. ఆ చాకిరీతోపాటు ఉండిన చూపు కూడా పోకుండా చూసుకోవాలి. డయపర్ మార్చేది తండ్రి అయితే తండ్రి, ఆయా అయితే ఆయా, రోజుకి ఒక్కసారైనా పగటి వెలుతురులో తెరిచి చూడాలి. పద్నాలుగు రోజులు దాటినా కళ్ళు పచ్చగా ఉంటే, లేదా దొడ్డి పాలిపోయి ఉంటే, లేదా మూత్రం మరక చేస్తుంటే, డాక్టరు చెప్పకపోయినా డైరెక్ట్ బిలిరుబిన్ చూడమని అడగాలి. చిన్న రక్తపరీక్ష, సిద్దిపేటలోనే అదే సాయంత్రం వచ్చింది.

*

పిల్లకి ఇప్పుడు మూడేళ్ళు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. కడుపు మీద అడ్డంగా ఒక గీత, దాన్ని తన "జిప్పు" అంటుంది. ప్రతి చెకప్‌లో డాక్టరు పెన్నుతో ప్లీహం అంచు గీసి టేపుతో కొలుస్తాడు. అది కిందటిసారి కంటే ఒక వేలు పెరిగింది. కాలేయం లోపల గట్టిపడుతోందనడానికి అదో గుర్తు. ఇంకో అయిదేళ్ళు రావచ్చు, పదిహేనేళ్ళు రావచ్చు అన్నారు. 1998లో ఢిల్లీ అపోలోలో సంజయ్ కందసామి అనే ఇరవై నెలల తమిళ బాబుకి, ఇదే జబ్బుకి, దేశంలో మొదటిసారి పిల్లల కాలేయ మార్పిడి విజయవంతంగా చేశారు. కాలేయం ముక్క ఇచ్చింది తండ్రి. ఆ బాబు పెరిగి డాక్టరయ్యాడు. 2024లో మన ఉస్మానియాలో, ప్రభుత్వ ఆసుపత్రిలో, ఇదే జబ్బున్న మూడేళ్ళ బాబుకి తల్లి కాలేయం ముక్క అమర్చారు. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు నాన్న కత్తిరించి ఫైల్లో పెట్టాడు. అక్క బ్లడ్ గ్రూపు పిల్లకి సరిపోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ ఎత్తం.

అమ్మ మాత్రం మాట్లాడుతుంది. వీధిలో ఎవరింట్లో కాన్పయినా పోయి చూసొస్తుంది. మొన్న మా వెనక వీధిలో ఒకమ్మాయి డెలివరీ అయి పుట్టింటికి వస్తే నన్నూ తీసుకుపోయింది. పిల్లాడు పదహారు రోజులవాడు, కాస్త పచ్చగానే ఉన్నాడు. అమ్మ పేరు అడగలేదు, బరువు అడగలేదు.

"గుడ్డలు ఎవరు ఉతుకుతున్నరు?"

"గుడ్డలెక్కడియి పెద్దమ్మా, అన్నీ డైపర్లే."

"అయితే డైపరే సూపెట్టు బిడ్డా."

ఆ అమ్మాయి నవ్వింది, సిగ్గుపడింది, తర్వాత లోపల్నుంచి ఒకటి తెచ్చి విప్పింది. అమ్మ దాన్ని గుమ్మం బయటికి, వెలుతురులోకి పట్టుకుపోయి చూసింది. ఆవపిండి రంగు. అమ్మ చేతులు కడుక్కుని, వాళ్ళు ఇచ్చిన చాయ్ తాగి, ఇంటికి పోదాం పద అంది.